ఫ్రిస్కోలో అద్దె ఇల్లు అమ్మి స్ట్రిప్ మాల్ కొనాలనుకుంటున్నాం: 1031, క్యాప్ రేట్, ఎన్‌ఎన్‌ఎన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ప్లేనో_వాసి

అందరికీ నమస్కారం. 2012లో ఫ్రిస్కోలో 2.40 లక్షల డాలర్లకు ఒక ఇల్లు కొని అప్పటినుంచీ అద్దెకిస్తున్నాం. ఇప్పుడు 5.60 లక్షలకు బేరం కుదిరింది. కాంట్రాక్ట్ మీద సంతకాలయ్యాయి, క్లోజింగ్‌కి, అంటే అమ్మకం పూర్తవడానికి, ఇంకా మూడు వారాలుంది. లోన్ 1.20 లక్షలు మిగిలింది.

ఏసీ ఆగిందని, వాటర్ హీటర్ కారుతోందని వచ్చే ఫోన్లు ఉద్యోగాల మధ్యలో మా ఇద్దరి వల్లా కావట్లేదు. అందుకే ఈ డబ్బుతో చిన్న స్ట్రిప్ మాల్, అంటే వరుస షాపుల బిల్డింగ్, తీసుకుందామని ఆలోచన. బ్రోకర్ ఒక ఫ్లయర్ పంపాడు. ఐదు షాపులు, ధర 12 లక్షల డాలర్లు, ఎన్‌ఓఐ 78,000, క్యాప్ రేట్ 6.5, అన్నీ ఎన్‌ఎన్‌ఎన్ లీజులు, ఖాళీ ఒక్కటీ లేదు. 1031 ఎక్స్ఛేంజ్ చేస్తే టాక్స్ కట్టక్కర్లేదని కూడా చెప్పాడు. ఈ మాటల్లో సగం నాకు అర్థం కాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కలపుస్తకం

క్లోజింగ్‌కి ముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఇది అయిపోయాక అడిగుంటే ఎవరూ ఏమీ చేయలేరు. నేను ఇక్కడ పన్నుల పనే చేస్తాను. అయినా మీ కాగితాలు చూసే సీపీఏ, అంటే లైసెన్స్ ఉన్న అకౌంటెంట్, మాటే ఆఖరు మాట.

ముందు ఎంత డబ్బు కోసం ఈ శ్రమంతా అన్నది చూద్దాం. కొన్న ధరలో స్థలం విలువ 48 వేలు అనుకుంటే కట్టడం 1.92 లక్షలు. నివాస అద్దె ఇంటికి తరుగుదల 27.5 ఏళ్లు, అంటే ఏడాదికి సుమారు 7 వేలు. ఇన్నేళ్లకు దాదాపు 90 వేలు. రిటర్నుల్లో క్లెయిమ్ చేయకపోయినా చేసినట్టే లెక్క. కాబట్టి మీ బేసిస్, అంటే లాభం లెక్కకు కొన్న ధరగా పట్టుకునే మొత్తం, 1.50 లక్షలకు దిగింది. అమ్మకం ఖర్చులు 30 వేలు తీసేస్తే చేతికి 5.30 లక్షలు. లాభం 3.80 లక్షలు.

అందులో తరుగుదల వాటా 90 వేల మీద గరిష్ఠంగా 25 శాతం, 22,500. మిగతా 2.90 లక్షల మీద 15 శాతం, 43,500. మీ ఇద్దరి జీతాలూ కలిపి 2.50 లక్షలు దాటి ఉంటే మొత్తం లాభం మీద 3.8 శాతం నెట్ ఇన్వెస్ట్‌మెంట్ టాక్స్, ఇంకో 14,440. మొత్తం 80 వేల చిల్లర. జీతాలు బాగా ఎక్కువైతే లాభంలో కొంత 20 శాతం శ్లాబులో పడొచ్చు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అక్కడితో ఆగుతుంది.

1031 అంటే పన్ను చట్టంలో ఒక సెక్షన్, అద్దె ఆస్తి అమ్మిన డబ్బుతో ఇంకో అలాంటి ఆస్తి కొనడం. అది ఈ 80 వేలను రద్దు చేయదు, వాయిదా వేస్తుంది. మీ పాత బేసిస్ కొత్త బిల్డింగ్‌కి వెంట వస్తుంది. "కట్టక్కర్లేదు" అన్న బ్రోకర్ మాటను "ఇప్పుడు కట్టక్కర్లేదు" అని చదువుకోండి.

మొత్తం వాయిదా పడాలంటే కొత్తది 5.30 లక్షలు లేదా అంతకంటే ఎక్కువ ధరది అయి ఉండాలి. చేతికి వచ్చే 4.10 లక్షలూ అందులోకే వెళ్లాలి. తీరిన 1.20 లక్షల లోన్‌కి బదులు కొత్త లోన్ గానీ సొంత నగదు గానీ చూపించాలి. డబ్బు మీ ఖాతాలోకి ఒక్కరోజు కూడా రాకూడదు. క్వాలిఫైడ్ ఇంటర్మీడియరీ అనే మధ్యవర్తి, అందరూ క్యూఐ అంటారు, అతని దగ్గరే ఉండాలి. ఆ ఒప్పందం మీద క్లోజింగ్‌కి ముందే సంతకాలు కావాలి. ఫీజు మామూలు లావాదేవీకి వెయ్యి డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఈ వారమే చేసేయండి.

ప్లేనో_వాసి

ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండి. ఇంకో మూడు సందేహాలు.

పాప కాలేజీకి ఒక 60 వేలు పక్కన పెట్టుకోవచ్చా? రియల్టర్ మాకు స్నేహితుడే, క్యూఐగా అతన్నే పెట్టుకోవచ్చా? మా బావమరిది కూడా డబ్బు పెడతానంటున్నాడు, ఇద్దరం కలిసి ఎల్‌ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పెట్టి దాని పేరు మీద కొనొచ్చా?

లెక్కలపుస్తకం

60 వేలు తీసుకోవచ్చు. దాన్ని బూట్ అంటారు. ఆ 60 వేల మీద ఈ ఏడాదే పన్ను పడుతుంది, మిగతాది వాయిదాలోనే ఉంటుంది. అప్పు తగ్గినా అది బూటే. పాత లోన్ 1.20 లక్షలు ఉండి కొత్త లోన్ 80 వేలే తీసుకుని తేడాకు సొంత డబ్బు పెట్టకపోతే ఆ 40 వేలు చేతికి వచ్చినట్టే లెక్క. ఎక్స్ఛేంజ్ పూర్తయి కొంతకాలం గడిచాక కొత్త బిల్డింగ్‌ని రీఫైనాన్స్ చేసి డబ్బు తీసుకుంటే అది అప్పు, దాని మీద పన్ను ఉండదు. కాలేజీ ఫీజుకి కాస్త వ్యవధి ఉంటే అలా ఆలోచించండి.

రియల్టర్ స్నేహితుడు కుదరదు. గత రెండేళ్లలో మీకు ఏజెంట్‌గా, లాయర్‌గా, అకౌంటెంట్‌గా పనిచేసినవాళ్లు, దగ్గరి బంధువులు క్యూఐ కాకూడదు.

ఎక్కువ ఎక్స్ఛేంజ్‌లు చెడేది మీ మూడో ప్రశ్న దగ్గరే. అమ్మింది ఎవరో కొనేదీ వాళ్లే కావాలి. ఇల్లు మీ దంపతుల పేరు మీద ఉంటే కొత్తదీ మీ పేర్ల మీదే రావాలి. బావమరిదితో కలిసి ఎల్‌ఎల్‌సీ పెడితే అది భాగస్వామ్యం. అప్పుడు మీరు కొన్నది బిల్డింగ్ కాదు, ఒక భాగస్వామ్య సంస్థలో వాటా. అది 1031కి పనికిరాదు. కలిసే కొనాలంటే టెనెంట్స్ ఇన్ కామన్, అంటే టీఐసీ పద్ధతిలో టైటిల్‌లోనే, అంటే యాజమాన్య పత్రంలోనే, మీ వాటా ఇంత, ఆయన వాటా ఇంత అని రాయించుకోవాలి. బ్యాంకు ఎల్‌ఎల్‌సీ కావాలని పట్టుబడితే మీ వాటాకి మీ సొంత ఎల్‌ఎల్‌సీ పెట్టుకోవచ్చు. ఒక్కరిదే అయిన ఎల్‌ఎల్‌సీని పన్ను శాఖ విడిగా చూడదు. టెక్సాస్ లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో భార్యాభర్తలిద్దరి ఎల్‌ఎల్‌సీకీ ఆ వెసులుబాటు ఉంది. బ్యాంకు, క్యూఐ, సీపీఏ ముగ్గురూ ఒకే మాట మీదున్నారో లేదో ఇప్పుడే చూసుకోండి. క్లోజింగ్ ముందురోజు ఇది బయటపడితే ఎవరి చేతిలోనూ ఉండదు.

కృష్ణాతీరం

హ్యూస్టన్ నుంచి. నాకు రెండు చిన్న సెంటర్లున్నాయి, చాలాకాలంగా నేనే చూసుకుంటున్నాను. పన్ను సంగతి పై గారు చక్కగా చెప్పారు. నేను బిల్డింగ్ సంగతి చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు పన్ను గురించి అడిగినంతగా దీని గురించి అడగరు.

తమ్ముడూ, ఎన్‌ఓఐ అంటే నెట్ ఆపరేటింగ్ ఇన్‌కమ్. ఏడాది వసూళ్లలోంచి ఆ ఆస్తి నడపడానికయ్యే ఖర్చులన్నీ తీసేస్తే మిగిలేది. లోన్ కిస్తు, ఆదాయపు పన్ను ఇందులోకి రావు. దాన్ని ధరతో భాగిస్తే క్యాప్ రేట్. 78,000ని 12 లక్షలతో భాగిస్తే 6.5 శాతం. ఆ 78,000 ఎవరి లెక్క అన్నదే ప్రశ్న. ఫ్లయర్‌లో చిన్న అక్షరాలతో "ప్రో ఫార్మా" అని ఉందేమో చూడు. అది జరగబోతుందని అమ్మేవాడు ఆశపడే లెక్క. నువ్వు అడగాల్సింది గడిచిన పన్నెండు నెలల అసలు లెక్క, టీ-12 అంటారు. దానితోపాటు రెంట్ రోల్ (ఎవరు ఎంత అద్దె కడుతున్నారన్న జాబితా), అన్ని లీజుల పూర్తి కాపీలు, బ్యాంకు డిపాజిట్లు.

ఎన్‌ఎన్‌ఎన్, ట్రిపుల్ నెట్ అంటే ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్ మూడూ అద్దెదారే భరించాలి. పార్కింగ్, లైట్లు, ల్యాండ్‌స్కేపింగ్ లాంటి ఉమ్మడి ఖర్చుల్ని క్యామ్ ఛార్జీలుగా షాపు విస్తీర్ణం ప్రకారం పంచుతారు. వినడానికి హాయిగా ఉంటుంది కానీ చిన్న సెంటర్లలో రూఫ్, గోడలు, పార్కింగ్ లాట్ కొత్తగా వేయడం చాలాసార్లు ఓనర్ మీదే పడతాయి. అవి కూడా అద్దెదారే చూసుకునేదాన్ని యాబ్సల్యూట్ నెట్ అంటారు. పెద్ద కంపెనీ ఒక్కటే అద్దెకున్న విడి బిల్డింగుల్లో అది ఎక్కువ. నెయిల్ సెలూన్, డోనట్ షాపు, పన్నులవాడు ఉండే ఐదు షాపుల సెంటర్‌లో అది దొరకదు. షాపు ఖాళీ అయిందంటే దాని వాటా టాక్స్, ఇన్సూరెన్స్ కూడా నీ జేబులోంచే.

ఇప్పుడు లోన్. కమర్షియల్ లోన్ ఇంటి లోన్ లాంటిది కాదు. 25 ఏళ్ల లెక్కన కిస్తు వేస్తారు, కానీ ఐదేళ్లకో పదేళ్లకో మిగతా అసలంతా ఒక్కసారి కట్టమంటారు. అది బెలూన్. 12 లక్షలకు 60 శాతం, అంటే 7.20 లక్షలు, 7 శాతం వడ్డీకి తీసుకున్నావనుకో. నెలకు 5,089, ఏడాదికి 61 వేలు. ఐదేళ్ల తర్వాత కూడా 6.56 లక్షలు బాకీ ఉంటుంది. అప్పుడు వడ్డీ రేటు ఎంతుంటే అంతకి మళ్లీ లోన్ వెతుక్కోవాలి.

ఎన్‌ఓఐని ఏడాది కిస్తుతో భాగిస్తే డీఎస్‌సీఆర్. 78 బై 61, దాదాపు 1.28. బ్యాంకులు సాధారణంగా 1.25 అడుగుతాయి, కాబట్టి గీత మీద నిలబడుతుంది. నువ్వు పెట్టేది 4.80 లక్షలు, నీ 4.10 మీద ఇంకో 70 వేలు సేవింగ్స్ నుంచి. కిస్తు పోను మిగిలేది 17 వేలు. క్యాష్ ఆన్ క్యాష్, అంటే నువ్వు పెట్టిన సొంత డబ్బు మీద రాబడి, మూడున్నర శాతం. క్యాప్ రేట్ 6.5, వడ్డీ 7 అయినప్పుడు అప్పు పెంచేకొద్దీ నీ రాబడి తగ్గుతుంది. దీన్నే నెగటివ్ లెవరేజ్ అంటారు. అద్దెలు పెరుగుతాయన్న గట్టి ఆధారం ఉంటేనే అలాంటిది కొనాలి.

టీ-12 తెప్పించి ఇక్కడ పెట్టు, చూద్దాం.

ఒంగోలు_గిత్త

అన్నా, అంత భయపెట్టకండి. 80 వేలు ప్రభుత్వానికి కట్టడం కన్నా ఏదో ఒక బిల్డింగ్‌లో పెట్టడమే మేలు. జీవితాంతం 1031 మీద 1031 చేసుకుంటూ పోతే, మన తర్వాత పిల్లలకు ఆ రోజు మార్కెట్ ధరే బేసిస్ అవుతుంది. వాయిదా వేసిన పన్నంతా మాఫీ. పైగా కాస్ట్ సెగ్రిగేషన్ (బిల్డింగ్‌లో త్వరగా అరిగే భాగాల్ని విడదీసి లెక్కకట్టడం) చేయిస్తే 100 శాతం బోనస్ డిప్రిసియేషన్, అంటే వాటి తరుగుదలంతా మొదటి ఏడాదే, జీతం మీద టాక్స్ కూడా తగ్గుతుంది.

లెక్కలపుస్తకం

పిల్లలకు బేసిస్ పెరగడం నిజమే, సెక్షన్ 1014 అది. ఆ లెక్కతోనే తరాలుగా ఆస్తులు నడిపేవాళ్లున్నారు.

బోనస్ డిప్రిసియేషన్ సంగతి మాత్రం జాగ్రత్త. 2025 జనవరి 19 తర్వాత కొన్న అర్హమైన వాటికి 100 శాతం మళ్లీ వచ్చింది. కానీ ఎక్స్ఛేంజ్‌లో పాత ఇంటి నుంచి మోసుకొచ్చిన బేసిస్‌కి, సెకండ్ హ్యాండ్ బిల్డింగ్ విషయంలో, అది వర్తించదు. మీరు అదనంగా పెట్టిన భాగానికే. ఇక జీతం మీద తగ్గడమంటారా, అద్దె నష్టాలు పాసివ్, అంటే స్వయంగా పనిచేసి సంపాదించే ఆదాయంతో కలపని కోవ. మీరో మీ భార్యో రియల్ ఎస్టేట్ ప్రొఫెషనల్‌గా ఏడాదికి 750 గంటలు, పైగా మొత్తం పని గంటల్లో సగానికి మించి దీనికే పెడితే తప్ప జీతంతో సర్దుబాటు కాదు. ఫుల్ టైమ్ ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకు ఇది దాదాపు అసాధ్యం.

వేపచెట్టు

అట్లాంటా నుంచి. నాదొక ప్రశ్న. 2021లో మావారి ఆఫీసు స్నేహితుల ద్వారా టెక్సాస్‌లో ఒక అపార్ట్‌మెంట్ సిండికేషన్‌లో, అంటే చాలామంది డబ్బు కలిపి కొన్నదాంట్లో, లక్ష డాలర్లు పెట్టాం. ఏటా మా వాటా లెక్క చూపే కే-1 ఫారం వస్తుంది. మొదట్లో 7 శాతం ప్రిఫర్డ్ రిటర్న్ ఇచ్చారు, తర్వాత ఆపేశారు, గత ఏడాది క్యాపిటల్ కాల్ అని ఇంకో 20 వేలు అడిగారు. మాకొక అద్దె టౌన్‌హౌస్ ఉంది. అది అమ్మి 1031 కింద ఇదే సిండికేషన్‌లో పెట్టండి, టాక్స్ ఉండదు అని వాళ్లే సలహా ఇస్తున్నారు.

లెక్కలపుస్తకం

దయచేసి ఆగండి అక్కా. మీ దగ్గరున్నది ఎల్‌ఎల్‌సీలో వాటా. దాంట్లోకి 1031 డబ్బు వెళ్లదు, అది అమ్ముడైనప్పుడు మీ ఒక్కరి వాటాకి 1031 చేసుకోవడానికీ వీల్లేదు. మొత్తం ఎల్‌ఎల్‌సీ బిల్డింగ్ అమ్మి ఇంకో బిల్డింగ్ కొంటే సరే. మీరు విడిగా చేయలేరు. మీకోసం ముందే టీఐసీగా విడదీసి టైటిల్ ఇస్తామని రాతపూర్వకంగా చెప్తే అది వేరే మాట, అప్పుడు లాయర్‌కి చూపించాలి.

కృష్ణాతీరం

మీ సిండికేషన్‌కి ఏమైందో ఊహించగలను. 2021లో ఫ్లోటింగ్ రేటు (మార్కెట్‌ని బట్టి వడ్డీ మారే) లోన్లతో కొన్నవాళ్లు చాలామంది. అప్పుడు ఫెడ్ రేటు సున్నాకి దగ్గర. 2023 జులైకి 5.25–5.50కి చేరింది. వడ్డీ పెరగకుండా కొనుక్కున్న రేట్ క్యాప్‌లు రెండు మూడేళ్లకే అయిపోయాయి, మళ్లీ కొనాలంటే ధర ఎన్నో రెట్లు. అద్దెలేమో అనుకున్నంత పెరగలేదు.

ప్రిఫర్డ్ రిటర్న్ అంటే గ్యారంటీ అని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. అది వంతు మాత్రమే. డబ్బు మిగిలితే ముందు ఇన్వెస్టర్లకు 7 శాతం, ఆపైన మిగిలిన దానిలో నడిపేవాళ్లకు వాటా. మిగలకపోతే ఎవరికీ లేదు. ఆ 20 వేలు ఇచ్చే ముందు మూడు అడగండి. లోన్ ఎప్పటికి తీరాలి, ఇప్పుడు డీఎస్‌సీఆర్ ఎంత, డబ్బు పెట్టనివాళ్ల వాటా ఎంత తగ్గుతుంది. జవాబు మాటల్లో వద్దు, కాగితం మీద తీసుకోండి.

వేపచెట్టు

చాలా థాంక్స్ అన్నయ్యా. టౌన్‌హౌస్ జోలికి వెళ్లం. ఆ మూడూ ఈరోజే మెయిల్ పెడతాను.

బే_ఏరియా_బాబు

శాన్ హోసేలో ఉంటాను. ఇక్కడ డూప్లెక్స్ అమ్మి డాలస్‌లో కొంటే కాలిఫోర్నియా పన్ను తప్పుతుందా?

లెక్కలపుస్తకం

తప్పదు. ఎక్స్ఛేంజ్ చేయొచ్చు, కానీ కాలిఫోర్నియాలో పుట్టిన లాభాన్ని ఆ రాష్ట్రం మర్చిపోదు. 2014 నుంచి జరిగిన అలాంటి ఎక్స్ఛేంజ్‌లకు ఫారం 3840 ప్రతి ఏటా వేస్తూ ఉండాలి. మీరు టెక్సాస్‌కి మారిపోయినా సరే. చివరికి డాలస్‌ది మామూలుగా అమ్మిన రోజు పాత లాభం మీద కాలిఫోర్నియా తన వాటా అడుగుతుంది.

మళ్లీ_హైదరాబాద్

నేను వచ్చే ఏడాది ఇండియాకి తిరిగి వెళ్లిపోదామనుకుంటున్నాను. ఆస్టిన్‌లో అద్దె ఇల్లు అమ్మి కోకాపేటలో ఆఫీస్ స్పేస్ కొంటే 1031 వర్తిస్తుందా? రెండూ రియల్ ఎస్టేటే కదా. గ్రీన్ కార్డ్ లేదు, హెచ్1బీ మీదున్నాను.

లెక్కలపుస్తకం

వర్తించదు. అమెరికాలోని ఆస్తిని అమెరికాలోని ఆస్తితోనే మార్చుకోవాలి. విదేశీ ఆస్తి దానికి లైక్ కైండ్, అంటే అదే కోవ ఆస్తి, కాదని చట్టంలోనే ఉంది. వీసాకీ దీనికీ సంబంధం లేదు.

మీకు ఇంకో విషయం ముఖ్యం. వెళ్లిపోయి, ఇక్కడ పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్ అయ్యాక అమ్మితే ఫర్ప్టా అనే చట్టం కింద కొనేవాడు అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కి, అంటే అమెరికా పన్ను శాఖకి, కడతాడు. అది లాభం మీద కాదు, మొత్తం ధర మీద. రిటర్న్ వేసి ఎక్కువ కట్టింది వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ డబ్బు నెలల తరబడి ఇరుక్కుంటుంది. అమ్మాలని తేల్చుకుంటే వెళ్లేముందే అమ్మడం తేలిక.

ఎడిసన్_అక్క

దీనికి ఇండియా వైపు సంగతి నేను చెప్తాను, మా తమ్ముడి విషయంలో ఇదంతా చూశాం. తిరిగి వెళ్లాక సాధారణంగా రెండు మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంటే కానీ ఆర్డినరీ రెసిడెంట్ కాని) హోదా ఉంటుంది, అప్పుడు అమెరికా ఆస్తి లాభం మీద ఇండియాలో పన్ను పడదు. ఆ తర్వాత పూర్తి రెసిడెంట్ అయితే ప్రపంచంలో ఎక్కడి లాభమైనా అక్కడ చూపించాలి. ఇండియా చట్టంలో 1031 లాంటిది లేదు. మీరు ఇక్కడ ఎక్స్ఛేంజ్ చేసి పన్ను వాయిదా వేసుకున్నా అక్కడ ఆ ఏడాదే లాభంగా చూస్తారు.

దీనికి తిరకాసుగా ఇంకొకటి. అమెరికాలో ఉంటూ కూకట్‌పల్లి ఫ్లాట్ అమ్మి, సెక్షన్ 54 కింద ఇంకో ఇల్లు కొని ఇండియాలో పన్ను మినహాయింపు తెచ్చుకుంటారు మనవాళ్లు. అమెరికా ఆ మినహాయింపుని ఒప్పుకోదు. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి ఇక్కడ క్రెడిట్ కూడా రాదు, ఇక్కడ మొత్తం కట్టాల్సిందే. ఇది తెలియక ఎంతోమంది రిటర్నులు తప్పుగా వేస్తున్నారు.

ప్లేనో గారికి ఒక మాట. క్యూఐని ఫీజు చూసి ఎంచుకోకండి. వాళ్ల మీద ఫెడరల్ పర్యవేక్షణ ఏమీ లేదు. 2008 నవంబర్‌లో ల్యాండ్‌అమెరికా అనే పెద్ద టైటిల్ సంస్థ, దాని 1031 విభాగంతో సహా, దివాలాకి వెళ్లింది. కస్టమర్ల డబ్బు ఆక్షన్ రేట్ సెక్యూరిటీలనే, అప్పుడు అమ్ముడుపోని బాండ్లలో ఇరుక్కుపోయింది, కొత్త ఆస్తి కొనడానికి ఉన్న 180 రోజుల గడువు దాటిపోయింది. ఆ తర్వాత 2010లో ఐఆర్‌ఎస్ కొంత ఊరట ఇచ్చింది. కాబట్టి మీ డబ్బు మీ పేరు మీద విడి ఎస్క్రో ఖాతాలో ఉంటుందా, మీ సంతకం లేకుండా బయటికి పోదా, ఫిడిలిటీ బాండ్ (వాళ్ల మనుషులు మోసం చేస్తే వచ్చే బీమా) ఎంతకుంది అని అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునేవాళ్లని వదిలేయండి.

ప్లేనో_వాసి

క్యూఐ కుదిరింది, విడి ఖాతా, రెండు సంతకాలు. ఇంటి కాంట్రాక్ట్‌లో ఎక్స్ఛేంజ్ క్లాజ్ కూడా చేర్పించాం.

స్ట్రిప్ మాల్ టీ-12 వచ్చింది. బేస్ అద్దెలు 82 వేలు. ఓనర్‌కి తిరిగిరాని ఖర్చులు 4 వేలు తీసేసి 78 వేలు ఎన్‌ఓఐ అన్నారు. ఖాళీలకు ఏమీ తీయలేదు. మేనేజ్‌మెంట్ ఫీజు లేదు, ఓనరే చూసుకుంటాడట. రూఫ్ 2006ది, లీజుల్లో రూఫ్ ఓనర్ బాధ్యత. ఐదు షాపుల్లో ఒకటి డ్రై క్లీనర్స్, ఇంకో రెండింటి లీజు 14 నెలల్లో అయిపోతుంది.

కృష్ణాతీరం

ఇప్పుడు అసలు కథ కనిపిస్తోంది. ఖాళీలకు 5 శాతం, 4,100. మేనేజ్‌మెంట్‌కి 4 శాతం, 3,300. నువ్వే చూసుకున్నా ఇది తీయాలి, ఎందుకంటే బ్యాంకు తీస్తుంది, రేపు నీ దగ్గర కొనేవాడూ తీస్తాడు. రూఫ్, పార్కింగ్ కోసం ఏడాదికి 4,600 పక్కన పెట్టు. మొత్తం 12 వేలు. ఎన్‌ఓఐ 66 వేలు. 12 లక్షలకు క్యాప్ రేట్ 5.5. డీఎస్‌సీఆర్ 1.08, ఈ లోన్ బ్యాంకు ఇవ్వదు. కిస్తు పోను నీకు మిగిలేది ఏడాదికి 5 వేలు, అది కూడా ఎవరూ ఖాళీ చేయకపోతే.

అదే 6.5 క్యాప్‌కి ఈ బిల్డింగ్ విలువ 10.15 లక్షలు. అడుగుతున్నది 12. అంటే 80 వేల పన్ను వాయిదా కోసం 1.85 లక్షలు ఎక్కువ ఇస్తున్నావు. ఒంగోలు తమ్ముడు కూడా ఈ లెక్క ఒకసారి చూడాలి.

డ్రై క్లీనర్స్ దగ్గర ఇంకా జాగ్రత్త. అక్కడే బట్టలు ఉతికేవాళ్లా, తీసుకుని వేరేచోటికి పంపేవాళ్లా? అక్కడే అయితే పెర్క్ అనే రసాయనం నేలలోకి దిగి ఉండొచ్చు. ఫేజ్ 1 పర్యావరణ రిపోర్ట్ లేకుండా ముందుకెళ్లకు, అనుమానం వస్తే ఫేజ్ 2లో మట్టి పరీక్ష. పాత పెట్రోలు బంకులకూ ఇదే. శుభ్రం చేసే బాధ్యత కొత్త ఓనర్‌కి కూడా వస్తుంది.

ప్రతి అద్దెదారు దగ్గరా ఎస్టాపెల్ సర్టిఫికెట్ అడుగు. అద్దె ఎంత, డిపాజిట్ ఎంత, ఓనర్ ఏమైనా ఉచిత నెలలు ఒప్పుకున్నాడా అని అద్దెదారే సంతకం పెట్టి ఇచ్చే కాగితం అది. ఫ్లయర్‌లో 100 శాతం నిండిన సెంటర్‌లో ఇద్దరు ఆరునెలలుగా అద్దె కట్టని సంగతి నాకు దీనివల్లే తెలిసింది. ఆ డీల్ వదిలేశాను.

ఇంకొకటి, మన టెక్సాస్‌లో అమ్మకం తర్వాత కౌంటీ మదింపు పెరిగే అవకాశం ఎక్కువ. ఎన్‌ఎన్‌ఎన్ కాబట్టి అద్దెదారే కడతాడు కదా అనుకోకు. డోనట్ షాపువాడికి అద్దె, క్యామ్, టాక్స్ అన్నీ కలిపి ఒకటే భారం. టాక్స్ పెరిగితే లీజు రెన్యూవల్‌లో నువ్వు అద్దె పెంచలేవు.

ఒంగోలు_గిత్త

రూఫ్ సంగతి, డ్రై క్లీనర్స్ సంగతి చూశాక నేనైతే ఆ ధరకి కొనను. కానీ 1031 వదిలేయమని మాత్రం చెప్పను. ఆస్తిని ఎంచుకోవడానికి 45 రోజులుంది కదా, ఇంకోటి వెతకొచ్చు.

లెక్కలపుస్తకం

సరిగ్గా అదే. గడువుల లెక్క చెప్తాను, క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. ఇల్లు క్లోజ్ అయిన మర్నాడు మొదటి రోజు. 45వ రోజు అర్ధరాత్రిలోపు కొనదలచిన ఆస్తుల పేర్లు రాసి, సంతకం పెట్టి క్యూఐకి ఇవ్వాలి. 180వ రోజులోపు కొనుగోలు పూర్తవ్వాలి. శని, ఆదివారాలు, పండగలు అన్నీ లెక్కలోకి వస్తాయి. దేశాధ్యక్షుడు విపత్తుగా ప్రకటించిన సందర్భాల్లో ఐఆర్‌ఎస్ పొడిగిస్తే తప్ప ఒక్కరోజు కూడా పెరగదు.

ఈ గడువుల వెనక ఒక కేసు ఉంది. ఒరెగాన్‌లో స్టార్కర్ కుటుంబం తమ కలప భూముల్ని క్రౌన్ జెల్లర్‌బాక్ కంపెనీకి ఇచ్చి, బదులు భూములు ఐదేళ్లలో తీసుకుంటామని ఒప్పందం చేసుకుంది. 1979లో అప్పీల్ కోర్టు దాన్ని ఒప్పుకుంది. అంతకాలం ఇవ్వలేమని 1984లో కాంగ్రెస్ 45, 180 రోజులు పెట్టింది.

ఎన్ని పేర్లు రాయొచ్చంటే, ధర ఎంతైనా మూడు. అంతకన్నా ఎక్కువ రాయాలంటే వాటి మొత్తం విలువ అమ్మిన ధరకి రెట్టింపు దాటకూడదు. 45వ రోజు తర్వాత మార్చడానికి వీల్లేదు. కాబట్టి మూడో పేరుగా ఒక డీఎస్‌టీ రాసుకుంటారు చాలామంది. డెలావేర్ స్టాట్యుటరీ ట్రస్ట్ అది, 2004లో ఐఆర్‌ఎస్ ఇచ్చిన రూలింగ్ ప్రకారం అందులో వాటా 1031కి చెల్లుతుంది. పెద్ద అపార్ట్‌మెంట్లలో, గిడ్డంగుల్లో చిన్న వాటా. అద్దెదారుల ఫోన్లు రావు, లోన్ ట్రస్ట్‌దే, త్వరగా క్లోజ్ అవుతుంది. కానీ అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లకే (ఆదాయం, ఆస్తి ఒక స్థాయి దాటినవాళ్లకే) ఇస్తారు, ఫీజులు ఎక్కువ, మధ్యలో బయటపడే దారి దాదాపు లేదు, ట్రస్ట్ కొత్తగా డబ్బు సేకరించడానికో రీఫైనాన్స్ చేయడానికో వీలుండదు. మొత్తం డబ్బు అందులో పెట్టమని నేను చెప్పను. 50 వేలో లక్షో మిగిలిపోయి బూట్ అవుతుంటే దానికి బాగుంటుంది.

ఏదీ నచ్చకపోతే 45 రోజుల్లో ఏ పేరూ రాయకండి. 46వ రోజు క్యూఐ డబ్బు తిరిగి ఇచ్చేస్తాడు, పన్ను కట్టి మిగతాది మీ ఇష్టం. ఏదో ఒక పేరు రాసి ఉంచితే మాత్రం 180వ రోజు దాకా డబ్బు అక్కడే ఉండిపోవచ్చు. చాలామందికి ఈ తేడా తెలియదు.

క్లోజింగ్ అక్టోబర్ 17 దాటితే ఏప్రిల్ 15కి రిటర్న్ వేయకుండా ఎక్స్‌టెన్షన్ తీసుకోండి. లేకపోతే రిటర్న్ గడువుతోనే 180 రోజులు ముగిసిపోతాయి.

ప్లేనో_వాసి

మా ఆవిడా నేనూ కూర్చుని అంతా మాట్లాడుకున్నాం. అమ్మేవాడికి 10.20 లక్షలకు ఆఫర్ రాసి, ఫేజ్ 1 రిపోర్ట్, ఎస్టాపెల్‌లు వస్తేనే అని షరతు పెట్టాం. వాళ్ల బ్రోకర్ నవ్వాడు, చూస్తామన్నాడు. ఈలోగా డెంటల్ క్లినిక్ ఒక్కటే ఉన్న బిల్డింగ్ ఒకటి మెకిన్నీలో చూస్తున్నాం. లీజు ఇంకా తొమ్మిదేళ్లుంది, అద్దె ఏటా 2 శాతం పెరుగుతుంది, డాక్టర్ వ్యక్తిగత గ్యారంటీ ఉంది. బావమరిది విడిగా కొనుక్కుంటానన్నాడు. 45వ రోజుకి ఏదీ తేలకపోతే 80 వేలు కట్టేద్దామని కూడా ఇద్దరం ఒప్పుకున్నాం.

కృష్ణాతీరం

డాక్టర్ గ్యారంటీ అంటే ఆయన రిటర్నులు, ఆస్తి అప్పుల కాగితం చూడాలి. క్లినిక్‌ని ఏదైనా పెద్ద డెంటల్ గ్రూప్‌కి అమ్మేస్తే గ్యారంటీ కొనసాగుతుందా, రద్దవుతుందా అన్నది లీజులో అసైన్‌మెంట్ క్లాజ్ (లీజుని ఇంకొకరికి బదలాయించే షరతు) దగ్గర ఉంటుంది. అది నాకు చదివి చెప్పు.

లెక్కలపుస్తకం

ఇంకొక చిన్న విషయం. మీ ఫ్రిస్కో ఇంటి అద్దెదారు డిపాజిట్, ఆ నెల మిగిలిన అద్దె కొనేవాడికి బదిలీ చేస్తారు కదా, అవి సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్‌లో సర్దనివ్వకండి, మీ ఖాతా నుంచి విడిగా కట్టేయండి. అమ్మకం డబ్బులోంచి తీస్తే ఆ మేరకు బూట్ అవుతుంది. టైటిల్ కంపెనీకి ఈరోజే మెయిల్ పెట్టండి, వాళ్లంతట వాళ్లు అడగరు.